పచ్చ చుక్క

ఏమయ్యా, నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. మన మనవరాలు స్రవంతికి హైదరాబాదు కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఇంకా పర్మనెంటు కాలేదు. ఆఫీసుకు పోనక్కర్లేదు, మన ఇంట్లోనే కంప్యూటర్ ముందు డ్యూటీ. తెర మీద తన పేరు పక్కన పచ్చ చుక్క ఉంటే పనిలో ఉన్నట్టట. కాసేపు చెయ్యి ఆగితే అది పసుపు అవుతుంది, పై సారు ఎక్కడున్నావని అడుగుతాడు. ఆ భయానికి పిల్ల అన్నం కూడా అక్కడే తింటుంది.

ఈ రోజు నీ పేరున వండిన అన్నం తినడానికి పిలిస్తే, "అవ్వా, నేను తినొచ్చేదాక ఈ మౌస్ కదుపుతుండు" అన్నది.

"బొగ్గుబాయిల ఒకరి హాజరు బిళ్ల ఇంకొకరు ముట్టరు బిడ్డా. లోపల ఎవరున్నరో లెక్క తప్పుతది. మీ తాత అన్నేండ్లు బాయిల దిగినా ఒక్కనాడు ముట్టలే."

"ఇది బాయి కాదే అవ్వా."

"ఏదైతేంది? తింటున్ననని చెప్పు."

భయపడుతూనే సారుకు ఆ మాట రాసి వచ్చి, నీ ఫోటో ముందు కూర్చుని నెమ్మదిగా తిన్నది. లేచి చూస్తే సారు 'ఓకే' అని పంపాడట. పిల్ల నవ్వుతోంది. ఆ ఓకే కోపంతో అన్నాడో, మామూలుగా అన్నాడో నాకు తెలియడం లేదు. నువ్వుంటే, "ఊకో ముసల్దానా" అనేవాడివి.