పేగులో బాడిగదారు

చిరంజీవి ఎవాంజలిన్‌కు అప్ప దీవెనలు. నేను బాగున్నాను. ప్రభువు దయతో మీ ముగ్గురూ బాగుండాలి.

నీళ్ళ లారీ వస్తోందా అని అడిగావు. వస్తోంది, వారానికోసారి. చర్చిలో జ్ఞానస్నానం నాడు బాబును నేనే ఎత్తుకోవాలని రాశావు. దానికి జవాబు చివర చెబుతాను.

పోయిన నెల కోలారు ఆసుపత్రిలో మలపరీక్ష చేశారు. నాకు ఏ బాధా లేదు, అయినా చేశారు. డబ్బాను టిఫిన్ క్యారియర్ లాగా ఒళ్ళో పెట్టుకుని బస్సులో పోయాను. ల్యాబులో పనిచేసే పుష్పావతి నన్ను పిలిచి మైక్రోస్కోపు చూపించింది.

“చూడప్పా, నీ బాడిగదారు. బాడిగ కట్టకుండా ఎంత జోరుగా ఉండాడో.”

సన్నటి దారం లాంటి పురుగుపిల్ల, పాములా మెలికలు తిరుగుతోంది. బి.ఎస్సీ.లో బొమ్మ గీశాను గానీ ప్రాణంతో చూడటం ఇదే మొదలు. తడిమట్టిలో నుంచి పాదం చర్మం తొలుచుకుని ఎక్కుతుందట. రక్తంలో ఊపిరితిత్తులకు, అక్కడి నుంచి గొంతుకు, మింగితే పేగుకు. అంత దారి దానికి ఎవరు నేర్పారో.

“యాడ ఒట్టికాళ్ళతో తిరుగుతావప్పా? చేను ఉండాదా?”

చేను లేదు. సమాధుల తోటలో మీ అమ్మ దగ్గర చెప్పులు విడిచి, మొక్కలకు నీళ్ళు పోసి మట్టి సరిచేస్తాను. గోడ వెనక జనం బయలుకు కూర్చుంటారు. వానకు అదంతా లోపలికే వస్తుంది. ఆ మాటే చెప్పాను.

“ఇంగ చెప్పులేసుకొనే పో అప్పా. ఆమె ఏమీ అనుకోదులే.”

మాత్రలు మింగాను. మళ్ళీ చూస్తే పురుగు లేదు.

బాధ లేనివాడికి పరీక్ష ఎందుకని నువ్వు అడుగుతావు. అది హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళకు మందులిచ్చే చోటు. ఒంట్లో బలం తగ్గితే ఇలాంటి పురుగు ప్రాణం మీదికి తెస్తుందని ముందే వెతుకుతారు. నాకు హెచ్.ఐ.వి. ఉంది. మీ అమ్మకూ ఉండేది. కామెర్లని నీకు చెప్పాం. పాపకు చెప్పొద్దని మీ అమ్మ నా దగ్గర మాట తీసుకుంది. చివరి నెలల్లో ఆమెకు విరేచనాలు ఆగలేదు. ఏ పురుగో అని ఎవరూ వెతకలేదు. ఆ మైక్రోస్కోపులో నేను చాలాసేపు చూశాను.

కాన్పు ముందు పరీక్షలన్నీ బాగున్నాయని నువ్వు రాసిన రోజు నేనెందుకు అంత సంబరపడ్డానో ఇప్పుడు నీకు తెలుస్తుంది.

ఎత్తుకుంటే ఇది అంటదు. అది నాకు తెలుసు. కానీ నీకూ అల్లుడికీ తెలియకుండా బాబును ఎత్తుకోలేను.

శనివారం పొద్దుటి రైలుకు మీ మాలూరులో దిగుతాను. బాబును తీసుకుని స్టేషనుకు రా. నువ్వొక్కతివే వస్తే అర్థం చేసుకుంటాను. ఇద్దరం కాఫీ తాగుదాం. తర్వాతి రైలుకు నేను వెనక్కి వెళ్ళిపోతాను.

ఇట్లు,
నీ అప్ప,
అమృతరాజు