పక్కింటి క్వార్టర్‌బ్యాక్ భుజం

ట్రాయ్, ఆదివారం రాత్రి

అయినా నన్నడగడమేమిటి, అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి కోడిగుడ్డులా ఎందుకుందో కూడా తెలియనివాణ్ని. భోజనాల దగ్గర మా ఆఫీస్ శ్రీనివాస్ వదల్లేదు. "అన్నా, మీ పక్కింటి జేసన్ మామూలు క్వార్టర్‌బ్యాక్ కాదు. వచ్చే వారం ప్లేయర్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో పెద్ద టీమోళ్ళు ఫస్ట్ రౌండ్‌లోనే తీసుకుంటరు చూడు. ఏమంటవ్?"

"విసిరే భుజం అప్పటిదాకా నిలబడాలిగా," అన్నాను, నవ్వించడానికే.

"తథాస్తు దేవతలుంటారండీ," అని మా ఆవిడ కసిరింది.

సాయంత్రం ట్రాష్ బిన్ బయటపెడుతుంటే జేసన్ వాళ్ళ బిన్‌ని ఎడమచేత్తో లాగుతూ కనిపించాడు. కుడిచెయ్యి వేలాడుతోంది. మధ్యాహ్నం ఉన్నట్టుండి భుజం పట్టేసిందట. ఎవరికీ చెప్పొద్దన్నాడు.

మేం భోంచేసిందీ మధ్యాహ్నమే.

పోనీ, వాడికేం కాదని ఇప్పుడు పైకి అందామంటే, అదీ బెడిసికొడుతుందేమోనని భయం. మా ఆవిడ కిందనుంచి పిలుస్తోంది. గుమ్మంలో జేసన్ ఉన్నాడట, వాడికెవరు చెప్పారో, మధ్యాహ్నం నేనేమన్నానో చెప్పమంటున్నాడట.