పక్క టార్గెట్ మీద పది

ఆదివారం రాత్రి

షూటింగ్ క్లబ్ పోటీలో ఈరోజు కూడా శ్రావణే ఫస్ట్. నాకన్నా రెండేళ్లు వెనక చేరింది. నాన్న ఈసారి మిర్చి అమ్మి నాకు సొంత రైఫిల్ కొనిచ్చాడు. శ్రావణి మాత్రం క్లబ్‌లో అందరూ వాడే పాత రైఫిల్‌తోనే కొడుతుంది. అయినా కోచ్ సార్ నాతో ఎప్పుడూ ఒకటే మాట: "శ్రావణిని చూసి నేర్చుకోమ్మా."

చూశాను. ఎంతగా చూశానంటే, చివరి షాట్ నా టార్గెట్ వదిలేసి పక్కనున్న దాని టార్గెట్ మీద కొట్టాను. దాని కాగితం మీద రెండు చిల్లులు, ఒకటి నడిమధ్య పదిలో, ఒకటి పక్కన తొమ్మిదిలో; నాకు సున్నా.

ఎవరూ అడక్కుండానే అది సార్ దగ్గరికెళ్లి, "ఆ పది అక్కదండీ, నాది తొమ్మిదే" అని చెప్పింది. అయినా గెలిచింది.

ఇవాళంతా నేను కొట్టిన పది అదొక్కటే.

అది సార్‌కి ఆ మాట చెప్పకుండా ఉంటే, ఈపాటికి దాన్ని హాయిగా తిట్టుకుని పడుకునేదాన్ని.