కమలాబాయి ముగ్గు, కెప్టెన్ గారి కందకం

మారేడ్‌పల్లి,
సోమవారం.

కెప్టెన్ సూరి గారికి,

నమస్కారం అనడం మర్యాద కాబట్టి అంటున్నాను. ఉమ్మడి విన్యాసాల్లో భాగంగా మీ ఇంజనీర్లూ మిత్రదేశం సైనికులూ కలిసి బాగుచేస్తున్న బడిలో నేను కంప్యూటర్ టీచర్ని. ఎంసీఏ చదివి, మాదాపూర్ కంపెనీల పిలుపు కోసం చూస్తూ, కరెంటు లేని గదిలో కంప్యూటర్లు నేర్పుతున్నాను. అది వేరే కోపం.

మా ఆయా కమలాబాయి రోజూ పొద్దున్నే గడప ముందు ముగ్గు వేస్తుంది. మీ విదేశీ అతిథులు వచ్చి సరిగ్గా ఆ ముగ్గు మీదే తవ్వుతున్నారు. పైగా ఆమెకు సెల్యూట్ కొట్టి మరీ. "గిదేందమ్మా, దండం పెట్టుకుంట నా ముగ్గు మీద గడ్డపార దింపుతుండ్రు" అని ఆమె పరేషాన్. ముసలామెను వెక్కిరించడానికా రెండు దేశాల సైన్యం?

ఇట్లు,
వసుధ

తా.క. శుక్రవారం తామరపువ్వు ముగ్గును రేకు రేకునా తవ్వారు. ఆ శ్రద్ధేదో పైకప్పు మీద చూపిస్తే గది కురవకుండా ఉండేది.

---

సికింద్రాబాద్ కంటోన్మెంట్,
బుధవారం.

వసుధ గారికి నమస్కారాలు.

మా పనిలో సున్నపు గీతే ఆజ్ఞ. గీత ఎక్కడుంటే అక్కడ తవ్వాలి. ముగ్గుపిండికీ సున్నానికీ తేడా పాపం వాళ్ళకేం తెలుసు? మురుగు కాలువకు ఒక్క కందకం కావాలంటే గడప ముందంతా గుంటలయ్యాయి. ముగ్గు ఆపించమని హెడ్మాస్టరు పురుషోత్తం గారికి చెప్పాను. సెల్యూట్ అంటారా, సైన్యంలో మర్యాద ఎక్కువ.

భవదీయుడు,
కెప్టెన్ సూరి

తా.క. శ్రీకాకుళంలో మా అమ్మా ముగ్గు వేస్తుంది. ఇంతవరకు ఎవరూ తవ్వలేదు.

---

మారేడ్‌పల్లి,
శుక్రవారం.

కెప్టెన్ గారూ,

ముగ్గు ఆపమంటే మా హెడ్మాస్టరు మనిషినే ఆపేశారు. పని పూర్తయ్యేదాకా కమలాబాయి రావొద్దట. ఆ తర్వాత అవసరముంటే చూస్తారట. ఆమె గేటుకు దూరంగా సందు మలుపులో కూర్చుని, "జెర పిల్లలు నీళ్ళు తాగిండ్రో లేదో చూడమ్మా" అంటోంది. మీరు గీస్తే ఆజ్ఞ, ఆమె గీస్తే నేరం. ఒక ఆయా ఉద్యోగం తీయించడానికి ఇంత సైన్యం దేనికి? ఆమె లేని బడికి నేనూ రాను.

మండిపడుతూ,
వసుధ

తా.క. రేపు మీ జీపు చుట్టూ ముగ్గు వేస్తాను. తర్వాత సంగతి మీ అతిథులు చూసుకుంటారు.

---

సికింద్రాబాద్ కంటోన్మెంట్,
సోమవారం.

వసుధ గారూ,

జీపు దాచేశాను.

కమలాబాయి గారు రానప్పటి నుంచీ పని నిలిచిపోయింది. మా గీతలు గేటు దాకా తెల్లగా కనిపిస్తూనే ఉన్నాయి, మిత్రదేశం వాళ్ళు మాత్రం పారలు పక్కన పెట్టి టీ తాగుతున్నారు. వాళ్ళ సార్జెంట్ రిచర్డ్‌ను నిలదీస్తే, "ఇంజనీరు మేడమ్ ఎక్కడ? ఆవిడ గీయకుండా మేం తవ్వం" అన్నాడు. అందరికంటే ముందొచ్చి, ఎవరినీ అడగకుండా గీతలు గీసి వెళ్ళే మనిషి పెద్ద ఆఫీసరే అనుకున్నారట. ఆ సెల్యూట్ వెక్కిరింపు కాదండీ. నాకు కొట్టేదానికంటే గట్టిగా కొట్టారు, నా బాధల్లా అదే.

పురుషోత్తం గారితో మాట్లాడాను. ఆమె రేపే రావాలి, మేం వెళ్ళిపోయాక కూడా ఉండాలి. అతిథులకు నిజం చెప్పే ధైర్యం నాకు లేదు. గడప ముందు ముగ్గును ఎవరూ తవ్వకుండా చుట్టూ తాడు కట్టిస్తాను. ఆ తర్వాత కాలువ కోసం గేటు దాకా ఒక్క తిన్నని గీత గీయమనండి. పువ్వులొద్దు.

మీ విధేయుడు,
సూరి

తా.క. తామరపువ్వు గుంటలో కాంక్రీటు పోసేశారు. పిల్లలు రేకుకొకరు కూర్చుని అన్నం తింటున్నారు. పైవాళ్ళకు దాన్ని ఏమని చెప్పాలో ఇంజనీరు మేడమ్‌నే అడిగి రాయండి.