యాపచెట్టు తొర్రల సిమెంటు

బుధవారం రాత్రి, వాన.

నా పేరు పోశవ్వ. డెబ్బై దాటినయ్. రాజుర ఊర్ల కొడుకు మల్లేశు, కోడలు లచ్చవ్వ, నేను ఉంటం. నేను చెప్తుంటే కోడలు రాస్తుంది.

వాకిట్ల ముసలి యాపచెట్టు తొర్రల నీళ్లు నిలవకుండ ఏటా నేనే కుళ్లు గోకి, కిందికి దారి తీస్తుంటి. పోయినేడు మల్లేశు తను పనిజేసే ఫ్యాక్టరీకెల్లి సిమెంటు తెచ్చి తొర్ర మూసిండు.

"పక్కా చేసిన, అవ్వా!"

"నా పండ్లల్ల గూడ తొర్రలున్నయిరా, అండ్ల గూడ పోస్తవా?"

నీళ్లు లోపలనే ఆగి బోదె మెత్తవడ్డది. గిప్పుడు ఇంటిమీద కూలుతదని, రేపు నరికిస్తడట!

ముందుగాల వాడే ఆ సిమెంటు పలగ్గొట్టాలె. లోపల గట్టి కట్టె ఉంటే గొడ్డలి ముట్టొద్దు. అంతా కుళ్లితే నేనే నరుకుమంట. కాని లోపల చూడకుండ నరికితే వాని చేతి నీళ్లు గూడ తాగ.

ఇది నా వేలిముద్ర. చూసినోళ్లు: కోడలు లచ్చవ్వ, పక్కింటి శాంతాబాయి.