రోడ్డు అవతలి నుంచి

యాదగిరన్నా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. ఊళ్లో సినిమా హోర్డింగులన్నీ కంప్యూటర్ ప్రింట్లయిపోతున్నాయి. అందుకేనేమో, నువ్వు చేత్తో వేసిన చివరి హోర్డింగును జూబ్లీ హిల్స్ గ్యాలరీ ఒకటి ప్రదర్శనకు పెట్టింది. గోడంతా హీరో ముఖమే. వచ్చినవాళ్లు మూడడుగుల దూరంలో నిలబడి, బుగ్గ మీద ఆ ఆకుపచ్చ ఏమిటని పెదవి విరిచారు.

ఒకప్పుడు నీ బొమ్మల గురించి పత్రికలో నేనూ అదే రాశాను. ఆ పేపరు పట్టుకుని నువ్వు కాలేజీలో నేను చెప్పే చిత్రకళ క్లాసుకే వచ్చి, పిల్లలందరి ముందూ అడిగావు.

"మేడం, మీరు యాడ నిలబడి చూసిండ్రు?"

మోతీనగర్‌లో నీ షెడ్డుకొచ్చి, దగ్గరగా చూశానని గొప్పగా చెప్పాను.

"జర రోడ్డు దాటి చూడుండ్రి" అన్నావు. ఆ రోజు పాఠం నువ్వే చెప్పావు.

ఈ సాయంత్రం నీ బొమ్మను దింపించి, గేటు బయట ప్రహరీకి ఆనించి నిలబెట్టించాను. గ్యాలరీవాళ్లు గొణిగినా వినలేదు. అతిథులందరినీ రోడ్డు అవతలికి నడిపించాను. అక్కణ్ణుంచి చూస్తే బుగ్గ మీది ఆకుపచ్చ నీడైపోయింది. పక్కనే ఉన్న కారు డ్రైవరొకడు, "గిప్పుడు నవ్వుతుండు" అన్నాడు.

రేపటి పత్రికకు సమీక్ష పంపేశాను, అన్నా. నేనెక్కడ నిలబడి చూశానో మొదటి వాక్యంలోనే రాశాను.