తోక తెగిన హెడ్డింగు

జూలై 8, సాయంత్రం ఏడు

ఆఫీసు నుంచి ఆయన ఫోన్. రోజూ ఉండేదే. పత్రికలో హెడ్డింగులు పెట్టేది ఆయన. అచ్చుకు పంపే ముందు నాకోసారి చదివి వినిపిస్తారు. వంటింట్లో ఉన్నదానికి అర్థమైతే ఊరందరికీ అర్థమైనట్టేనట. ఇవాళ్టిది: 'కాలువలోకి స్కూల్ బస్సు: డ్రైవర్ నిద్రపోయాడని అనుమానం'. రెండు లైన్లలో పట్టడం లేదట. ఆ అనుమానం తోకలా వేలాడుతోంది, కత్తిరించి 'నిద్రపోయిన డ్రైవర్' అనెయ్యండి అన్నాను. లెక్కల్లోనైనా అల్మారాలోనైనా అక్కర్లేనిది ఉంచను. నువ్వుండాల్సింది మా ఎడిటింగ్ డెస్కులోనే అన్నారు. పొంగిపోయాను. పిల్లలెవరికీ ఏమీ కాలేదు, అదే పదివేలు.

జూలై 9

ఆ డ్రైవర్ నా తమ్ముడు.

జూలై 10

కంగారుపడతానని వాడు నాకు చెప్పలేదట. వార్తలో డ్రైవర్ పేరు గానీ స్కూలు పేరు గానీ లేవు, ఆయనకీ తెలియలేదు. టైరు పేలిందంటాడు. పిల్లల్ని ఒక్కొక్కరినే ఎత్తి గట్టు మీద కూర్చోబెట్టింది వాడే. విచారణ అయ్యేదాకా రావద్దంది స్కూలు. పాలవాడు కూడా, ఏమన్నా నిద్ర తీరిందా అని నవ్వాడట. గడప దాటడం లేదని మరదలు ఏడుపు.

జూలై 11

తమ్ముడొచ్చాడు. చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి ఆయన్ని కడిగేశాడు. నేను నిద్రపోతుంటే నువ్వు పక్క సీట్లో కూర్చుని చూశావా బావా అని. ఆయన తలొంచుకుని, పొరపాటు నాదేరా అన్నారు. నా వైపు చూడనైనా లేదు. నేను కాఫీ కలుపుతున్నాను. పంచదార వేశానో లేదో గుర్తులేదు. కొలిచి వేసే మనిషిని. వాడు తాగకుండానే వెళ్లిపోయాడు.

జూలై 12

నా మాట ఎందుకు చెప్పలేదండీ అని అడిగాను. ఆఖరి మాట డెస్కుదే, తిట్లు తినడం నా ఉద్యోగంలో భాగమే అన్నారు. వాడికున్నది ఒక్కగానొక్క అక్క, ఆ అక్కని కూడా దూరం చెయ్యమంటావా అన్నారు.

జూలై 17

విచారణలో తేలింది. టైరే. సవరణ అదే చోట, అదే సైజులో వెయ్యాలని ఆయన ఎడిటర్‌తో పోట్లాడారట. లోపలి పేజీలో అద్దె ఇళ్ల ప్రకటనల కింద వేశారు. కళ్లజోడు పెట్టుకుని వెతుక్కున్నాను.

అది పట్టుకుని తమ్ముడింటికి వెళ్లాను. హెడ్డింగులో 'అనుమానం' అన్న మాట తీయించింది నేనేరా అని చెప్పేశాను. వాడు పేపరు మడిచి పక్కన పెట్టాడు. మరి బావెందుకు అన్ని మాటలు పడ్డాడే అక్కా అన్నాడు. మరదలు ఇద్దరికీ మంచినీళ్లు తెచ్చింది.

జూలై 18, సాయంత్రం

ఫోన్. ఈ హెడ్డింగూ పట్టడం లేదట. మాట తియ్యకండి, అక్షరాలు చిన్నవి చెయ్యండి అన్నాను.

జూలై 20

తమ్ముడు మళ్లీ బస్సెక్కాడు. ముందు సీట్లో కూర్చునే ఓ బుజ్జిది, అంకుల్, రాత్రి బాగా నిద్రపోయారా అని అడిగిందట. పోయానమ్మా అన్నాడట. నవ్వుతూ చెప్పాడట. నాకు కాదు. వాళ్ల బావకి, ఫోన్ చేసి.